కొండ దుప్పటిని లాగింది ఎవరు?

సాంఘిక శాస్త్రం పరీక్షలో ఒక ప్రశ్న మేము ఏటా ఇస్తుంటాం: నేలకోతకు కారణాలు రాయండి. జవాబు పిల్లలకు కంఠతా వచ్చు. అడవులు నరకడం, పశువులను అతిగా మేపడం, పోడు వ్యవసాయం. మూడూ రాస్తే పూర్తి మార్కులు.

ఒక ఏడాది ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఆ మూడూ రాసి, కింద ఇంకో మాట కూడా రాసింది. "సార్, మా అమ్మ పోడు చేస్తుంది. మా పట్టా అర్జీ తిరిగొచ్చేసింది. నేల పాడు చేశామనేనా సార్?"

మేము మార్కులు వేశాం. ఆ పిల్ల ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. మేమంటే ఈ ఏజెన్సీ ఊళ్లలోనే పుట్టి, పోడు గింజలు తిని పెరిగి, ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా తెచ్చుకుని, మళ్లీ ఈ పిల్లలకే పాఠం చెబుతున్న ఆదివాసీ పంతుళ్లం. మా అమ్మల మీద నేరం మోపే వాక్యాన్ని ఇరవై ఏళ్లుగా మేమే నల్లబల్ల మీద రాస్తున్నాం. ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబు ఇప్పుడు రాస్తున్నాం.

ఈ నేరం ఎప్పటిది?

పోడు నేల పాడుచేస్తుందన్న మాట మన పెద్దలది కాదు. తెల్లదొరల పాలనలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండల మీద రిజర్వు గీతలు పడ్డాయి. కలప సర్కారుది అయింది, పోడు నేరం అయింది. 1922 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన తిరుగుబాటుకు కారణాలు వెతికితే పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్డు పనుల్లో చేయించుకున్న వెట్టి ముందు వరసలో కనబడతాయి. దొర పోయాడు. ఆయన మాట మాత్రం పాఠ్యపుస్తకంలో ఉండిపోయింది. ఆఫీసు ఫైళ్లలోనూ ఉంది, డ్యాముల్లో పూడిక పేరుకున్నప్పుడల్లా పట్నం ఉపన్యాసాల్లోనూ వినబడుతుంది. పైన కొండవాళ్లు అడవి నరికారు, కింద మా రిజర్వాయరు పూడింది అంటారు.

సరే, విచారణ చేద్దాం. కోపంతో కాదు, లెక్కతో చేద్దాం.

చినుకు చేసే పని

నేల ఎలా కోతపడుతుంది? పెద్ద వాన చినుకు నేలను తాకేటప్పుడు సెకనుకు తొమ్మిది మీటర్ల వరకు వేగంతో వస్తుంది. అంటే గంటకు ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడిందంటే నలభై వేల లీటర్ల నీరు అలాంటి దెబ్బలుగా పడినట్టు. నేల బోసిగా ఉంటే ఆ దెబ్బకు మట్టిగడ్డ చిట్లుతుంది. సన్నటి రేణువులు లేచి నేల రంధ్రాలను మూసేస్తాయి. నీరు ఇంకడం మానేసి పారుతుంది. పారే నీరు మట్టిని మోసుకుపోతుంది. వాలు ఎంత నిటారుగా, ఎంత పొడవుగా ఉంటే అంత ఎక్కువ మోస్తుంది.

అదే నేల మీద గడ్డి ఉంటే, ఎండుటాకులు పరుచుకుని ఉంటే, చినుకు దెబ్బ ఆకుకు తగులుతుంది. నీరు మెల్లగా దిగి ఇంకుతుంది. వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. నేల మీద దాదాపు మూడింట రెండు వంతులు కప్పి ఉంటే కోత చాలావరకు ఆగిపోతుంది. మూడో వంతు కూడా లేకపోతే ఒక్కసారిగా పెరిగిపోతుంది. చలికాలంలో దుప్పటి సంగతి మనకు తెలుసు. చిరుగులు కొన్నుంటే సర్దుకుంటాం. దుప్పటే లాగేస్తే వణుకుతాం. కొండకూ అంతే.

ఇక్కడ వాతావరణం పాత్ర అర్థం చేసుకోవాలి. వాన ఎక్కువ కురిసే చోటే మట్టి ఎక్కువ పోతుందని అందరూ అనుకుంటారు. 1958లో లాంగ్‌బీన్, షుమ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు తమ దేశపు నదుల లెక్కలు తీసి చూస్తే వేరే సంగతి బయటపడింది. ఎడారిలో వాన లేదు కాబట్టి మట్టిని మోసే నీరు లేదు. వాన బాగా పడే చోట చెట్టూ గడ్డీ దట్టంగా మొలిచి నేలను కాపాడతాయి. మట్టి ఎక్కువగా పోయేది మధ్యలో ఉన్న మెట్ట ప్రాంతాల్లో. అక్కడ వాన మట్టిని కొట్టుకుపోయేంత పడుతుంది గాని, పచ్చదనం నేలను కప్పేంత పెరగదు. వాళ్ల లెక్కలో ఆ శిఖరం ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన దగ్గర వచ్చింది.

ఆ అంకె అమెరికాది. మనది రుతుపవనాల నేల, దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. కానీ అందులోని పాఠం మనకు పనికొస్తుంది. ఎంత వాన పడిందని ఒక్కటే అడిగితే చాలదు. వాన పడిన రోజున నేల మీద ఏముంది అని కూడా అడగాలి. మనకు వాన అంతా జూన్ నుంచి అక్టోబరు మధ్యలో వస్తుంది. ఆపైన తుపాన్లు. అంతకు ముందు ఎండాకాలం నేలను మాడ్చేస్తుంది, గడ్డి ఎండిపోతుంది, నిప్పు రాజుకుంటే ఆకు కాలిపోతుంది. తొలకరి ఉరుముల వాన సరిగ్గా అప్పుడే పడుతుంది. నేల బోసిగా ఉన్న ఆ మూడు నాలుగు వారాల్లోనే గెడ్డలు ఎర్రగా పారతాయి. సెప్టెంబరులో అంతకంటే పెద్ద వాన పడినా గెడ్డ నీరు అంత ఎర్రగా ఉండదు. ఈ తేడా మన ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.

పూడిన డ్యాముల పైన ఎవరున్నారు?

ఇప్పుడు డ్యాముల లెక్క చూద్దాం. తెలుగువాళ్లు పూడిక అనగానే చెప్పుకునే పెద్ద రిజర్వాయర్లు రెండు.

ఒకటి శ్రీరాంసాగర్. కట్టినప్పుడు దాని సామర్థ్యం 112 టీఎంసీలు. తర్వాతి సర్వేల్లో అది 90కి, ఆపైన సుమారు 80కి పడిపోయింది. దాని పైన ఉన్నది ఏది? మరాఠ్వాడా. వాన తక్కువ, నల్లరేగడి, చదునుగా దున్నిన మెట్ట పొలాలు, తొలకరికి బోసిగా ఉండే నేల. పైన చెప్పుకున్న సూత్రం ప్రకారం మట్టి పోయేది అక్కడే.

రెండోది తుంగభద్ర. 1953లో 133 టీఎంసీలు. 2016 సర్వే నాటికి సుమారు 105. దాని పైన ఉన్నది కర్ణాటక. అక్కడివీ ఎక్కువగా దున్నిన పొలాలే. ఆ పూడిక వల్ల రాయలసీమ రైతు నీళ్లకు ఎంత ఏడుస్తున్నాడో మనకు తెలుసు. ఆ రైతు మీద మాకు కోపం లేదు, మరాఠ్వాడా రైతు మీదా లేదు. అడిగేది ఒక్కటే. ఈ రెండు డ్యాములను పూడ్చింది మన కొండపోడా? పూడిక పాఠంలో దుక్కి పొలం పేరు ఎందుకు రాదు? పోడు పేరే ఎందుకు వస్తుంది?

దేశం మొత్తానికి 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ఉంది. ఏడాదికి 533 కోట్ల టన్నుల మట్టి కదులుతోంది, హెక్టారుకు సగటున 16 టన్నులు, అంటే ఎకరానికి ఆరున్నర టన్నులు అని. కదిలిన దానిలో పదో వంతు రిజర్వాయర్లలో చేరుతోందన్నారు. 16 టన్నుల సగటు దేశంలోని నేలంతటిదీ. ఆ బరువంతా తెచ్చి పోడు చేసే గుప్పెడు జనం నెత్తిన పెట్టడం ఏ లెక్క?

ఇంకో విచిత్రం కూడా ఉంది. గోదావరి సముద్రానికి మోసే మట్టి 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికంటే తగ్గిపోయింది. మట్టి డ్యాముల వెనక చిక్కుకుపోతోంది. గోదావరి మట్టి పోసి కట్టిన డెల్టాకు ఇప్పుడు కొత్త మట్టి అందక సముద్రం తీరాన్ని కొరుకుతోంది. అంటే పైన మట్టి పోతోందని ఒక ఏడుపు, కింద మట్టి రావడం లేదని ఇంకో ఏడుపు. రెండింటి మధ్యలో ఉన్నది గోడ. ఆ గోడను ఎవరూ బోనులో నిలబెట్టరు.

ఎత్తయిన చెట్టుంటే అడవేనా?

నేల పాడు కాకూడదని అటవీ శాఖ చేసిన పని ఏమిటి? చాలాచోట్ల సహజ అడవి కొట్టి టేకు, నీలగిరి తోటలు వేసింది. రికార్డులో అదీ అడవే. పోడు మాత్రం విధ్వంసం.

టేకు తోట కింద తొలకరి వానలో ఒకసారి నిలబడి చూడండి. టేకాకు పెద్దది. దాని మీద చినుకులు పోగై, మామూలు చినుకు కంటే లావుగా అయి, ఎత్తు నుంచి జారిపడతాయి. ఏడెనిమిది మీటర్ల ఎత్తు నుంచి పడితే చినుకు దాదాపు మళ్లీ పూర్తి వేగం అందుకుంటుంది. కింద పొదలు, గడ్డి, ఎండుటాకు ఉంటే పరవాలేదు. కింద నిప్పు పెట్టి ఊడ్చిన తోటైతే? చెట్టు నిటారుగా నిలబడే ఉంటుంది, వేళ్లు బయటపడి మట్టి మాత్రం వెళ్లిపోతుంది. ఉపగ్రహం పైనుంచి చూసి పచ్చగా ఉందని చెబుతుంది. నేలను కాపాడేది నేలకు ఆనుకుని ఉన్న కప్పు. అది ఉపగ్రహానికి కనబడదు. చోడికి కలుపు తీసే మా అమ్మకు కనబడుతుంది.

మరి పోడు? మన తాతలు చేసిన కొండపోడు ఎలా ఉండేదో యువకులు తెలుసుకోవాలి. ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు వదిలేసి పొదలు, చిన్న చెట్లు కొట్టేవారు. మోడులు పెకలించేవారు కాదు, వేళ్లు మట్టిలోనే ఉండేవి. నాగలి లేదు. పొడిచి గింజ వేయడమే. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, అలసంద కలిపి చల్లేవారు. ఒకటి నేల మీద పాకుతుంది, ఒకటి మోకాలెత్తు, ఒకటి తలెత్తు. సామ కోసేశాక కూడా కంది నిలబడి ఉంటుంది. రెండు మూడు పంటలయ్యాక ఆ కొండను వదిలేసేవారు. మోడులు చిగిర్చి, పదీ పన్నెండేళ్లలో మళ్లీ అడవయ్యేది. కింద గెడ్డ వెంట రాళ్లు పేర్చి కట్టిన మడుల్లో పైనుంచి జారిన మట్టి ఆగి వరి పండేది. మట్టిని వదిలేసే వాళ్లు కట్టిన పనా అది?

దాచుకోకుండా చెబుతున్నాం. పోడు కొట్టిన మొదటి ఏడాది, నిటారు వాలులో, తొలకరికి మట్టి పోతుంది. బాగానే పోతుంది. కాదన్నవాడు పోడు చేసి ఉండడు. కానీ రెండేళ్ల గాయానికి పదేళ్ల మాన్పు ఉండేది. ఆ పదేళ్లు ఎవరు తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న.

పదేళ్లు పోయిన దారి

రిజర్వు గీత వచ్చి మన కొండల్లో ఎక్కువ భాగం తీసుకుంది. వెదురు కాగితం మిల్లులకు వెళ్లింది. కలప రైలు పట్టాల కింద దిమ్మలయింది. మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. జలాపుట్ జలాశయం కింద లోయ పొలాలు మునిగాయి. పల్లం పోయినవాడు ఎక్కడికి వెళతాడు? వాలు ఎక్కుతాడు. గిరిజనేతరుల చేతుల్లోకి మడులు పోయిన చోటా అదే జరిగింది. 1970 భూబదలాయింపు నిషేధ చట్టం వచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. మనిషికి మిగిలిన కొండ చిన్నదైతే వదిలేయడానికి కొండ ఉండదు. పదేళ్ల బీడు అయిదయింది, మూడయింది, ఆఖరికి లేకుండా పోయింది. దుప్పటి మొత్తం లాక్కుని, మిగిలిన పేలిక చూపించి, చింపింది నువ్వే అంటున్నారు.

రోడ్ల సంగతీ చెప్పాలి. కొండను నిలువునా కోసి, గోడ కట్టకుండా, కాలువ తీయకుండా, తవ్విన మట్టిని లోయలోకి తోసేస్తే ఆ మట్టి ఎక్కడికి పోతుంది? ప్రతి వానాకాలం ఘాట్ రోడ్ల మీద చరియలు విరిగిపడుతూనే ఉన్నాయి. రోడ్డు మాకు కావాలి. గర్భిణిని డోలీలో మోసిన భుజాలు మావి. రోడ్డు వేసే పద్ధతి గురించే మా మాట. గాలికొండ, జెర్రెల బాక్సైట్ సంగతి గుర్తుందా? 2015లో జీవో 97 ఇచ్చారు. కొండ నెత్తిని తవ్వడానికి అడ్డురాని నేలకోత, ఎకరం చోడికి అడ్డొచ్చింది. జనం ఎదురు తిరిగాకే ఆ జీవో 2019లో రద్దయింది.

ఇక వాన మారింది. 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడు రెట్లు పెరిగాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మన కాఫీ తోటల నీడచెట్లను కూల్చేసింది. సిల్వర్ ఓక్ ఒక్కటే వరసగా నాటిన చోట్ల నీడంతా ఒకేసారి పోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఈ వేడిని పుట్టించిన పొగ మన పొయ్యిలది కాదు. దెబ్బ మాత్రం ముందు మన వాలు మీదే పడుతోంది. పాత వానకు సరిపోయిన దుప్పటి కొత్త వానకు సరిపోదు. ఇంకా మందంగా కావాలి.

మన చేతిలో ఉన్న తప్పు

పరాయివాడిని తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. మనమూ మారిపోయాం. ఆరు గింజలు కలిపి వేసిన చోట ఇప్పుడు జీడిమామిడి ఒక్కటే, లేదా మొక్కజొన్న ఒక్కటే. నిటారు వాలులో పైనుంచి కిందికి చాలు తీసి అల్లం, పసుపు పెడుతున్నాం. తవ్వేటప్పుడు నేలంతా మళ్లీ గుల్ల చేస్తున్నాం. కలుపు మందు కొట్టి గడ్డి వేరు దాకా చంపుతున్నాం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు కొండంతా పాకినా పట్టించుకోవడం లేదు. ఇటుకల పండుగ వేటలో పెట్టిన నిప్పూ అంతే. తొలకరికి నెల ముందు ఎండుటాకు కాల్చడమంటే వాన వచ్చే ముందు దుప్పటి తీసేయడమే. ఇవి మానుకోవాలని ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు. మనకు మనమే చెప్పుకోవాలి.

చేయగలిగినవి మన దగ్గరే ఉన్నాయి. వాలుకు అడ్డంగా రాళ్ల గట్టు, ఆ గట్టు మీద కొండ చీపురు, కంది వరస. అల్లం, పసుపు మళ్ల మీద ఆకు కప్పు. ఇప్పచెట్టు కింద కాల్చే బదులు ఊడ్చుకోవడం, లేదా వల పరచడం. ఏ కొండను ఎన్నేళ్లు బీడు వదలాలో ఊరంతా కూర్చుని నిర్ణయించడం. కాఫీకి నీడగా ఒక్క సిల్వర్ ఓకే కాకుండా పనస, మామిడి, అడవి చెట్లు కలపడం. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ నీటి పరివాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అది మన చేతిలో ఉన్న ఆయుధం. దాన్ని వాడిన ఊళ్లు ఎన్ని?

తోటి పంతుళ్లకు

పాఠం చెప్పొద్దని మేము అనడం లేదు. కొలిచి చెప్పమంటున్నాం. మూడు ఖాళీ వాటర్ సీసాలు నిలువునా కోసి పడుకోబెట్టండి. ఒకదానిలో బోసి మట్టి, ఒకదానిలో ఎండుటాకు కప్పిన మట్టి, ఒకదానిలో గడ్డి మొలిచిన మట్టి. ఒకే వాలు, ఒకే చెంబు నీళ్లు. మూతి దగ్గర గ్లాసు పెట్టండి. ఏ గ్లాసు నీరు ఎర్రగా ఉందో పిల్లలే చెబుతారు.

తర్వాత బయటికి తీసుకెళ్లండి. తొలకరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి గెడ్డ నీళ్లు సీసాలో పట్టి, మూడు రోజులు కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న మట్టిని స్కేలుతో కొలిపించండి. పోడు కింద గెడ్డ, టేకు తోట కింద గెడ్డ, కొత్త రోడ్డు కింద గెడ్డ, మూడింటివీ కొలవండి. గోడ మీద తేదీలు వేసి రాసి పెట్టండి. అయిదేళ్లు రాస్తే అది మన ఊరి సాక్ష్యం. రేపు పోలవరం జలాశయం నిండాక, దానిలో పూడిక పేరుకున్నాక, వేళ్లన్నీ మళ్లీ మన కొండల వైపే తిరుగుతాయి. మాచ్‌ఖండ్ దిగువన సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది కదా. ఆ రోజు మన చేతిలో కోపం ఒక్కటే ఉంటే చాలదు, కాగితం ఉండాలి.

ఆ అమ్మాయికి

2019 ఫిబ్రవరి 13న, అర్జీలు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా ఆదివాసీలు లేచి నిలబడ్డారు. అదే నెల 28న ఆ ఆదేశం ఆగింది. ఆగిందే గాని కత్తి ఇంకా వేలాడుతూనే ఉంది. అందుకే నీ ప్రశ్న చిన్నది కాదమ్మా. ఆలస్యంగానైనా జవాబు విను.

నేల పాడు చేశారని పట్టా ఆపే మాట ఆ చట్టంలో లేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి మీరు ఆ నేల సాగు చేస్తున్నారా, దాని మీద బతుకుతున్నారా అన్నదే చట్టం మీలాంటి ఆదివాసీ కుటుంబాన్ని అడిగే ప్రశ్న. ఊరి పెద్దల మాట రాసుకుంటే అదీ సాక్ష్యమే. ఎందుకు తిరస్కరించారో మీకు తెలియజేయాలి, అది అడిగి తీసుకోండి. నిర్ణయం మీద అప్పీలుకు అరవై రోజులు గడువుంది. అర్జీ రాయడం రాకపోతే మేమున్నాం.

ఇకపై నేలకోతకు కారణాలు రాయండి అన్న ప్రశ్నకు పోడు అని ఒక్క మాట రాసి వదిలేస్తే మేము పూర్తి మార్కులు వేయం. ఏ వాలు, ఏ నెల, నేల మీద ఏ కప్పు, దాన్ని తీసింది ఎవరు, ఇవి రాసిన పిల్లకే పూర్తి మార్కులు.